దూలం మీది ముడుపులు

పోయిన వారం మనం శంకరవ్వను మంచిర్యాల అంగట్లో వదిలిపెట్టాం. ఎండు మిరపకాయల గంప ముందర పెట్టుకొని కూర్చున్న మనిషి చెవిలో, పక్కన ఉల్లిగడ్డలమ్మే ఆమె ఒక కబురు వేసింది. "నీ మేనకోడలు నర్మద కిరస్తానపు కన్నెల మఠంల కలుస్తదట గదనే! ఆదివారం పూజల ఇన్నాసి సామి 'దేవుని పనికి మీ ఇండ్లల్లకెల్లి ఎవరొస్తరు' అని అడిగితే, ఆడోళ్ళ దిక్కుకెల్లి అదొక్కతే లేచి నిలవడ్డదట." అంతే, గంప తిరగబడ్డది. ఆ ఘాటుకు అంగడి అంగడంతా తుమ్మిందనీ, స్టేషన్లో ఆగిన రైలుబండి కూడా రెండు తుమ్ములు తుమ్మితే గాని కదల్లేకపోయిందనీ చెప్పుకుంటారు. రైలు సంగతి దేవుడెరుగు, తుమ్మినవాళ్ళు మాత్రం ఇప్పటికీ ఉన్నారు.

ఆమె కోపానికి కారణం లేకపోలేదు. నర్మద ఆమె తమ్ముడు కొమురెల్లికి ఒక్కగానొక్క కూతురు. శంకరవ్వ కొడుకు హనుమండ్లుకు వరసైన పిల్ల. పిల్లోడు బొగ్గుబాయిలో పనిచేస్తాడు. వచ్చే ఎండకాలం పెళ్ళి అని అటూ ఇటూ అనుకున్నదే. ఇప్పుడు వరసను దాటేసి దేవుడే పిల్లను ఎగరేసుకపోతానంటే ఏ మేనత్త ఊరుకుంటుంది? చిందిన మిరపకాయలు కుక్కల పాలు, కోళ్ళ పాలు చేసి, "డ్యూటీ దిగంగనే మామ ఇంటికి రమ్మను" అని కొడుక్కు కబురంపి, మంచిర్యాల నుంచి తుమ్మలపల్లె దాకా ఒక్క అంగలో వచ్చిందామె. దారిలో ఎదురైన ఎద్దులబండ్లు వాటంతటవే పక్కకు జరిగాయట.

తమ్ముడి గడపలో నిలబడ్డది గాని చెప్పులు విడవలేదు. పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ చెప్పులు విడవలేదంటే ఆ ఇంటికి ఆ పూట కలిసి రాదని లెక్క.

మరదలు ఐలవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఐలవ్వ ఎప్పుడూ తక్కువ మాట్లాడే మనిషి.

"కాళ్ళు కడుక్కో వదినె."

"గా నీళ్ళు మీ బీరపాదుకు పోసుకో. నేను చుట్టమై రాలే."

"అక్కా, జర నెమ్మది" అన్నాడు కొమురెల్లి లోపలి నుంచి. "ఇంట్ల సామి ఉన్నడు."

"కానొస్తుండు. మంచం నిండ ఉన్నడు."

ఇన్నాసి స్వామి భారీ మనిషి. గుంటూరు వైపు నుంచి ఈ అడవి దిక్కుకు వచ్చి మూడేళ్ళయింది. ఆయన ఎక్కితే సైకిలు మూలుగుతుందనీ, దిగితే దండం పెడుతుందనీ పిల్లలు అనుకునేవాళ్ళు. ఆ పూట నులక మంచం కిర్రుమంటుండగా మజ్జిగ తాగుతూ, నర్మదను మఠానికి ఎప్పుడు పంపాలో మాట్లాడుతున్నాడు. కొమురెల్లి కింద చాప మీద కూర్చొని వింటున్నాడు. అతడు ఆ విచారణకు, అంటే స్వామి కింది ఊళ్ళన్నిటికీ, ప్రార్థనలు నేర్పే ఉపదేశి. జ్ఞానస్నానంలో యోసేపు అని పేరు పెట్టారు గాని, ఆ పేరుతో పిలిస్తే అతడే వెనక్కి తిరిగి ఎవరినని చూసేవాడు.

"రండమ్మా. ఆ మేనత్త మీరేనా? మీ గురించి విన్నాను" అన్నాడు స్వామి. గొంతులో మర్యాద ఉంది, కళ్ళల్లో లేదు.

"నీ గురించి నేను గూడ విన్న. ఇంటికో బిడ్డను అడుగుతున్నవట గద. నిజాం సర్కారోడు లెవీ గింజలు అడిగినట్టు."

ప్రహరీ మట్టిగోడ అవతల అప్పటికే నలుగురు చేరారు. ఒకరు కిసుక్కున నవ్వారు. స్వామి ముఖం కందింది.

"నేను ఎవరినీ అడగడం లేదు. పిలిచేవాడు దేవుడు. ఆ పిలుపు వినిపించడమే నా పని."

"ఓహో, డప్పు కొట్టి చాటింపేసేటోని లెక్కన."

"మా వైపు తల్లులు దేవునికి బిడ్డనిచ్చామని తలెత్తుకు తిరుగుతారు తెలుసా? ఒక్కో ఇంట్లో ఒక గురువు, ఇద్దరు మఠకన్యలు. ఈ సీమలో ఇన్నాళ్ళకు ఒక్క పిల్ల లేచి నిలబడింది. ఒకే ఒక్క పిల్ల! దాని కాళ్ళు పట్టి కిందికి లాగడానికి నువ్వు తయారు."

మర్యాద 'మీరు' నుంచి 'నువ్వు'కు జారింది. శంకరవ్వ అది గమనించింది. ఆమె మొదటి నుంచీ ఆ మెట్టు మీదే ఉంది గనుక ఆమెకు నష్టం లేదు.

"మీ దిక్కు పంట మంచిగున్నప్పుడు మీ దిక్కే కోసుకోరాదు? మా చేన్ల కొడవలి పట్టుకొని దిగుడెందుకు?" అని తమ్ముడి వైపు తిరిగింది. "ఏందిరా కొమురెల్లీ! నీ నోట్లె ఏమున్నది, మన్నా? పిల్ల ఎవలదిరా? రజాకార్ల ఏడు జ్వరమొచ్చి పిల్ల కండ్లు తేలేస్తే, ఎత్తుకొని వైద్యుని దగ్గరికి ఉరికింది ఎవలు? వైద్యుడు మొగం తిప్పుకుంటే గీ ఇంట్ల నిలవడి ముడుపు కట్టింది ఎవలు?"

"నువ్వే అక్కా."

"ఏమని కట్టిన? పిల్ల బతికితే నా కోడల్ని చేసుకుంట, కొడుకునూ కోడల్నీ జంటగ కొండగట్టు ఎక్కిస్త అంజన్నా అని కట్టిన. గా దూలానికే కట్టిన. పిల్ల బతికిందా లేదా?"

"బతికింది."

"మరి మొక్కు తీరిందా?"

నర్మద లోపలి తలుపుకు ఆనుకొని నిలబడి ఉంది. పద్దెనిమిదేళ్ళ పిల్ల. మేనత్త వచ్చినప్పటి నుంచి తల ఎత్తి ఒక్కసారి దూలం వైపు చూసింది, మళ్ళీ దించుకుంది. ఆ చూపును ఐలవ్వ తప్ప ఎవరూ పట్టుకోలేదు.

"ముడుపు కట్టి తీర్చకపోతే ఏమైతదో ఎరికేనా సామీ? మా లక్ష్మీరాజం కథ చెప్త ఇను. వేములవాడ రాజన్నకు కోడెను మొక్కిండు. ఇంతల మంచి బేరమొచ్చిందని అంగట్ల అమ్ముకున్నడు. ఏమాయె? తెల్లారి లేచి చూస్తే కోడె వాని ఇంటి కప్పు మీద నిలవడ్డది! గూనపెంకు ఒక్కటంటే ఒక్కటి పగుల్లే. దించుదామని ఎక్కినోడు ఎక్కినట్టే పడ్డడు. ఆఖరికి లక్ష్మీరాజం లెంపలేసుకొని, రాజన్నా తప్పైందంటే, గప్పుడు మెట్లు దిగినట్టు కిందికి దిగింది."

"గా ఇంటికి మెట్లు లేవు గదనే" అన్నాడు గోడ అవతల నుంచి పక్కింటి ముత్తయ్య.

"లేవు గనుకనే మహిమ అన్నరు. ఉంటే కోడె మెట్లెక్కిందనేటోళ్ళు. నువ్వు నోరు మూసుకో."

స్వామి మజ్జిగ గిలాస కింద పెట్టాడు. "కోడె కథలకు నా దగ్గర తీరిక లేదు. ఆ ముడుపులో ఏముంది? రూపాయేగా?"

"రూపాయి, పిడికెడు బియ్యం, పసుపు కొమ్ము."

"రజాకార్ల నాటి రూపాయి అంటే హాలీ సిక్కా. అది చెల్లక ఎన్నాళ్ళయింది! ఇప్పుడు నడిచేవి నయాపైసలు. చెల్లని రూపాయితో కట్టిన మొక్కు ఎలా చెల్లుతుంది?"

గోడ అవతల వాళ్ళు కూడా ఒక్క క్షణం ఆలోచనలో పడ్డారు. దెబ్బ బాగానే తగిలింది. శంకరవ్వ మాత్రం తడుముకోలేదు.

"రూపాయి సర్కారుది, సర్కారు మారితే మారుతది. మాట నాది. నేను మారలే."

మీసాల రాయుళ్ళు కూడా గోడ అవతల తలలూపారు. ఇక స్వామి లేచి గొడుగు తీసుకుంటాడనే అనుకున్నారంతా. సరిగ్గా అప్పుడు కొమురెల్లి చాప మీద నుంచి లేచి, ఎవరి ముఖమూ చూడకుండా అన్నాడు:

"అక్కా, దూలానికి ఉన్నది నీ ఒక్క ముడుపే కాదు. నాదొకటి ఉన్నది."

"నీదా?"

"నువ్వు కట్టి పోయినంక నేను కట్టిన. పిల్ల బతికితే నీ సేవకే ఇస్త మరియమ్మ తల్లీ అని. నీకు చెప్పే ధైర్యం లేక లగ్గానికి తలూపిన."

శంకరవ్వ నోరు తెరిచింది గాని మాట రాలేదు. అది ఆ ఊరి చరిత్రలోనే మొదటిసారి. అయితే ఆ ఖాళీని స్వామి నింపాడు.

"ముడుపా! నువ్వు ముడుపు కట్టావా? నా ఉపదేశివి! ప్రతి ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టి, తాయెత్తులు కట్టకండి, ముడుపులు కట్టకండి అని చెప్పేవాడివి!"

"అప్పటికి జ్ఞానస్నానమై నెల కాలే సామీ. ఎట్ల మొక్కాల్నో మీ ముందటి సామి ఇంక నేర్పలే. మాకు ఎరికైన మొక్కు ముడుపే. పసుపు బట్ట తీసుకొని మరియమ్మ పతకం దాంట్ల పెట్టి కట్టిన. తల్లి గద, బట్టను చూసి తిప్పిపంపుతదా అనుకున్న."

"పదిహేనేళ్ళు నా దగ్గరా, నా ముందరివాళ్ళ దగ్గరా దాచావు!"

"మా దగ్గర గూడ దాచిండు గదా దొంగ" అన్నది శంకరవ్వ, ఊపిరి తిరిగి వచ్చి. ఆ ఒక్క మాటలో ఆమే స్వామీ ఒక్కటయ్యారు. అంతలోనే విడిపోయారు కూడా. "అయినా నేను ముందుగాల కట్టిన. మా అంజన్న ఉరికొచ్చి పిల్లను లేపినంక, మీ మరియమ్మ నిమ్మళంగ వచ్చి ఉంటది. తీయ్ రా, రెండూ కిందికి తీయ్. నాది నాకు చూపియ్. గా రూపాయి పట్టుకొని ఇప్పుడే గుట్టకు పోత, పిల్లను తీసుకొని పోత."

"తీయ్" అన్నాడు స్వామి కూడా. "ఆ పతకాన్ని ఆ మూటలోంచి బయటకు తీయాలి ముందు."

కొమురెల్లి గుంజకు నిచ్చెన ఆనించాడు. నర్మద "బాపూ, ఎక్కకు" అన్నది. గట్టిగానే అన్నది. కాని అప్పటికి అతడు సగం ఎక్కాడు. దూలం మీద పదిహేనేళ్ళ పొయ్యి పొగ పేరుకొని ఉంది. అతడు చెయ్యి పెట్టి తడిమి ఒకటి తీశాడు. మసి పట్టి బొగ్గుముక్కలా ఉంది. ఇంకొకటి తీశాడు. అదీ అంతే. ఏది అంజన్నదో, ఏది మరియమ్మదో విప్పితే గాని తెలియదు. కింద ఐలవ్వ చేట పట్టుకొని నిలబడింది, రెండూ అందులో పడ్డాయి.

కొమురెల్లి దిగలేదు. చెయ్యి దూలం మీదే ఉంది.

"ఏందిరా?"

"ఇంకోటి ఉన్నది."

మూడోది చేటలో పడ్డది. దానికి మసి లేదు. తంగేడు పువ్వులా పచ్చగా ఉంది.

అందరూ ఆ మూట వైపు చూశారు. ఐలవ్వ వంగి బట్టను వేళ్ళతో తడిమింది. "నా చీర కొంగు" అన్నది. "నిరుడు చినిగిన చీర. పేలికలకని నర్మదకిచ్చిన."

ఇక ఎవరూ అడగనక్కర లేకపోయింది. నర్మద తలుపు వదిలి ముందుకు వచ్చింది.

"నేనే కట్టిన. విప్పకుండ్రి."

"నువ్వు కూడానా?" స్వామి నెత్తి పట్టుకున్నాడు. "ఎందుకు కట్టావమ్మా?"

స్వామి అడిగినదానికి నర్మద మేనత్తను చూస్తూ చెప్పింది.

"నిరుడు వానకాలం బాయిల కప్పు కూలింది యాదికున్నదా అత్తా? బావ లోపల్నే ఉన్నడన్నరు. నువ్వు బాయి కాడ పొర్లి ఏడుస్తున్నవ్. బాపు, అవ్వ నీ కాడికే ఉరికిండ్రు. ఇంట్ల నేనొక్కదాన్నే. ఏం చెయ్యాల్నో తోచలే. బావ పానంతోని మీదికొస్తే నేను మఠానికి పోత, లగ్గం చేసుకోను అని కట్టిన. తెల్లారేసరికి బావ నడుచుకుంట వచ్చిండు."

ఆ రాత్రి శంకరవ్వ మరిచిపోయేది కాదు. బాయి మొగదల దగ్గర మొక్కని దేవుడు లేడు. కొడుకు మసి ముఖంతో బయటకు వచ్చినప్పుడు ఏ దేవుడు విన్నాడో తెలియక, అందరికీ కోళ్ళూ కొబ్బరికాయలూ ఇచ్చుకుంది. కాని ఈ దూలానికి కట్టిన మొక్కు ఒకటుందని, అది ఇంకా తీరలేదని ఆమెకు ఎవరు చెప్పారు?

"పిచ్చిదానా" అన్నది మెల్లగా. "గంత మొక్కు ఎందుకు మొక్కినవే?"

"అంత పానానికి చిన్న మొక్కు మొక్కుతరా అత్తా?"

మెట్లు లేని ఇంటి మీద నిలబడ్డ కోడె ఒకటి శంకరవ్వ కళ్ళ ముందు నిలబడ్డది. నర్మద కూడా అదే తలుచుకున్నట్టుంది. "నువ్వే చెప్తివి గద, తీర్చకపోతే ఏమైతదో. బావ రోజూ గా బాయిలకే దిగుతుండు."

గోడ అవతల ముత్తయ్య తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు. అప్పుడు స్వామి గొంతు వినిపించింది. ఈసారి అందులో కోపం వేరే రంగులో ఉంది.

"అయితే నేను నిన్ను తీసుకెళ్ళలేను నర్మదా."

"సామీ!" అన్నాడు కొమురెల్లి.

"తీసుకెళ్ళలేనయ్యా! మఠం గడపలో మొదట అడిగే మాటే అది. ఎవరి బలవంతమూ లేకుండా, నీ ఇష్టంతోనే వస్తున్నావా అని. బావ చస్తాడేమోనని భయపడి వచ్చానంటుందా? అది పిలుపు కాదు, జరిమానా. పీఠాధిపతి బిషప్పుగారికి ఈ సీమ నుంచి ఒక పిల్ల లేచిందని సంబరంగా కబురు పెట్టాను. ఇప్పుడు ఏ ముఖంతో చెప్పను?" ఆయన నర్మద వైపు తిరిగాడు. "నిజం చెప్పు. ఆదివారం నువ్వు లేచి నిలబడింది దేవుని కోసమా, ఈ మూట కోసమా?"

నర్మద చేటలోని పచ్చ మూటను చూసింది.

"కట్టిననాడు భయంతోనే కట్టిన. ఏడాదిసంది రోజూ పొద్దుగూకంగ గుడికి పోయి కూసుంటున్న. ఇప్పుడు భయమున్నదా, ఇష్టమున్నదా, నాకే తెలుస్తలేదు సామీ. రెండూ కలిసిపోయినయ్."

"తన మనసు తనకే తెలియనిదాన్ని తీసుకుపోను" అని స్వామి గొడుగు అందుకున్నాడు.

ఆ గొడుగు అవతలి కొస శంకరవ్వ చేతిలో ఉంది. ఎప్పుడు పట్టుకుందో ఎవరూ చూడలేదు.

"ఎట్ల తీసుకపోవు?" అన్నది. "ఇంటికో బిడ్డనియ్యిండ్రని ఊరూరు తిరిగితివి. ఇప్పుడు పిల్ల వస్తనంటే వద్దంటవా? తీసుకపో!"

"వదులమ్మా. ఇంతసేపూ పిల్లను పంపనని కొట్లాడింది నువ్వే కదా!"

"గప్పుడు నాకు ఎరికలే! ఇప్పుడు నా కొడుకు పానం గా మూటల ఉన్నది. నువ్వు తీసుకపోకపోతే మొక్కు తప్పుతది. రేపు బాయిల వానికేమన్నైతే నీ గుడి ముంగట కూసుంట, నీ గంట మోగనియ్య. తీసుకపో సామీ, నీ కాల్మొక్త. గీ పిల్లను ఇప్పుడే తీసుకపో!"

పొద్దున్నుంచి ఆ పిల్ల కోసం దేవునితోనే కొట్లాటకు దిగిన మేనత్త, ఇప్పుడు అదే పిల్లను దేవుని ముంగట పెట్టి తోస్తోంది. తోస్తూ తోస్తూ ఏడుస్తోంది. ఏడుస్తూ తిడుతోంది. కొమురెల్లి నిచ్చెన మీదే కూర్చుండిపోయాడు. స్వామి గొడుగును అటు లాగితే ఆమె ఇటు లాగింది. బట్ట చినిగింది.

"అవ్వా."

గడపలో హనుమండ్లు నిలబడి ఉన్నాడు. డ్యూటీ దిగి సరాసరి వచ్చినట్టున్నాడు, కనురెప్పల మీద బొగ్గు మసి ఇంకా కడుక్కోలేదు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో తెలియదు. గోడ దగ్గరివాళ్ళు దారి ఇచ్చి మరీ తలలు దించుకున్నారంటే, కొంచెంసేపే కాదు.

"అంజన్నను అడిగిండ్రు, మరియమ్మను అడిగిండ్రు" అన్నాడు. "నన్ను ఎవలన్న అడిగిండ్రా?"

"బిడ్డా, నువ్వు లోపలికి రాకు. గీ మాట నీది కాదు" అన్నది శంకరవ్వ.

"పానం నాదైనప్పుడు మాట ఎవలదే?"

అతడు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఐలవ్వ చేతిలోని చేటను చూశాడు. మసి ముడుపులను ముట్టుకోలేదు, పచ్చదాన్ని తీశాడు. నర్మద ఒక్క అడుగు ముందుకు వేసి ఆగిపోయింది.

"బావా, విప్పకు. నీకు గండం."

"నన్ను బతికించుడు నీ ఇష్టం. నీ జీతగాని లెక్క బతుకుడు నా ఇష్టం కాదు." మూటను పిడికిట పట్టుకొని అన్నాడు: "ఇది విప్పినంక చెప్పు నర్మదా. అప్పుడు మఠమన్నా సరే, నేనే స్టేషన్ దాక పెట్టె మోస్త."

"సామీ, ఆపు వాన్ని! నీ దేవుని మీద ఒట్టు, ఆపు!" శంకరవ్వ చినిగిన గొడుగును వదిలి కొడుకు మీదికి ఉరికింది. స్వామి కదలలేదు. ఆయన పెదవులు మాత్రం కదులుతున్నాయి.

ముడుపుకు మూడు ముళ్ళు వేసింది నర్మద, పెండ్లికి వేసినట్టే. హనుమండ్లు మసి వేళ్ళు మొదటి ముడిలోకి వెళ్ళాయి. పచ్చటి బట్ట మీద నల్లటి మరక పడ్డది.

మొదటి ముడి విడిపోయింది.

ఆ క్షణంలోనే, ఊరి బయట రోడ్డు మీద ఎవరో సైకిలు మీద నుంచి కేకలు వేస్తూ వస్తున్నాడు. మొదట ఎవరికీ మాట అర్థం కాలేదు. తరవాత అందరికీ అర్థమైంది. అతడు పిలుస్తున్నది హనుమండ్లునే. హనుమండ్లు డ్యూటీ దిగి వచ్చిన బాయి పేరూ, కప్పు కూలిందన్న మాటా అతని నోట్లో ఉన్నాయి.